కోతల లెక్క రాయించండి: కర్నూలులో ఒక బాడుగ అడ్వాన్సు కేసు

ఈ కేసులో ఆగిపోయిన మొత్తం 45,000 రూపాయలు. కోర్టు ఫైళ్లలో ఇది చిన్న అంకె. ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసే మహిళకు మాత్రం రెండు నెలల జీతం కంటే ఎక్కువ. పాత ఇంటి అడ్వాన్సు చేతికి రాకముందే కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి కదా, అందుకని ఆమె 40,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. పాత ఓనరు ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆమెకు 800 రూపాయలు వడ్డీకే పోతున్నాయి.

ఇరువర్గాలనూ గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఆమె తరఫు వకీలుగా ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. ఇందులో మాకు పనికొచ్చిన పద్ధతిని సగం దూరం వరకు వకీలు లేకుండానే ఎవరైనా నడిపించుకోవచ్చు. ఆ పద్ధతి ఏమిటంటే, డబ్బు అడగడంతో ఆగిపోకుండా, కోతల లెక్క, అంటే అడ్వాన్సులో ఎంత పట్టుకున్నారో, దేనికి పట్టుకున్నారో ఓనరు చేతనే కాగితం మీద రాయించడం.

జరిగింది ఇదీ

కర్నూలులో ఒక కాలనీలో మిద్దె మీద రెండు బెడ్‌రూముల పోర్షన్. కింద ఓనరు కుటుంబం. చేరినప్పుడు బాడుగ 8,500, ఖాళీ చేసేనాటికి 9,000. అడ్వాన్సు 45,000లో 20,000 నగదుగా, 25,000 ఫోన్‌పేలో ఇచ్చారు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలల అగ్రిమెంటు రాసుకున్నారు. దాని గడువు తీరాక మళ్లీ కొత్తది రాసుకోలేదు. మన ఊళ్లలో ఎవరూ రాసుకోరు. నోటిమాట మీదే మొత్తం రెండేళ్ల ఏడు నెలలు గడిచాయి. బాడుగ ఒక్క నెల కూడా తప్పలేదు.

మే 3న ఆమె ఓనరుకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. పిల్లాడి బడి మారుస్తున్నాం, ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తాం అని. మే 25న సామాను దించి, తాళాలు ఓనరు భార్య చేతికి ఇచ్చారు. మే నెల బాడుగ పూర్తిగా కట్టేశారు. "కొత్తోళ్లు రానీమ్మా, వాళ్ల అడ్వాన్సు రాంగానే నీది ఇచ్చేస్తా" అన్నాడాయన. జూన్ 5న కొత్తవాళ్లు చేరారు. అప్పుడు మాట మారింది: పెయింటింగ్ ఖర్చు తేలాక చూద్దాం. జులైలో ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆమె పోలీస్ స్టేషన్‌కు కూడా వెళ్లారు. ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పొమ్మన్నారు. వాళ్లు చెప్పింది సరైనదే. అడ్వాన్సు తీసుకున్న రోజే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉందని చూపలేకపోతే మోసం కేసు నిలబడదు. ఇక్కడ రెండున్నరేళ్లు ఇద్దరూ సఖ్యంగానే ఉన్నారు. పండక్కి పలహారాలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లవి.

మా ఆఫీసుకు వచ్చేసరికి ఆమె తమ్ముడు బాగా కోపం మీద ఉన్నాడు. నలుగురిని తీసుకుపోయి ఇంటి ముందు కూర్చుంటామని, ఓనరు ఫొటో పెట్టి ఊరి గ్రూపుల్లో పోస్టు చేస్తామని అన్నాడు. రెండూ వద్దని గట్టిగా చెప్పాను. ఇంటి ముందు గొడవ జరిగితే పోలీసు ఫిర్యాదు మన మీదికే వస్తుంది. ఫొటో పెడితే పరువునష్టం అని ఆయన ఎదురు తిరుగుతాడు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పరువు పోయిందనుకున్న మనిషి ఇవ్వాలనుకున్నది కూడా ఇవ్వడు.

చేతిలో ఉన్న కాగితాలు

ముందు కూర్చుని ఏమేం ఉన్నాయో చూశాం. అగ్రిమెంటు ఒరిజినల్ ఓనరు దగ్గరే ఉంది. ఈమె దగ్గర ఉన్నది జెరాక్స్. అందులో 45,000 ముట్టినట్టు ఓనరు సంతకం ఉంది. ఫోన్‌పేలో 25,000 పంపిన రికార్డు, నెలనెలా బాడుగ పంపిన రికార్డు ఉన్నాయి. మే 3 నాటి వాయిస్ మెసేజ్ ఫోన్‌లో అట్లాగే ఉంది. అన్నిటికంటే మంచి సంగతి, సామాను దించాక ఖాళీ ఇంట్లో గది గదీ తిరుగుతూ ఆమె వీడియో తీసుకున్నారు. కరెంటు మీటరు రీడింగు ఫొటో కూడా తీశారు. ఆసుపత్రిలో డ్యూటీ అప్పగించేటప్పుడు అన్నీ రాసి సంతకం పెట్టించుకోవడం అలవాటు సార్, అందుకే తీశాను అన్నారు.

చాలామంది ఆ జెరాక్స్ చూసి ఇక కేసు గెలిచినట్టే అనుకుంటారు. కోర్టులో అది అంత తేలిక కాదు. చిక్కు స్టాంపు దగ్గర ఉంది. 1899 స్టాంపు చట్టం 35వ సెక్షన్ ప్రకారం, కట్టాల్సినంత స్టాంపు డ్యూటీ లేని దస్తావేజును లోటు, జరిమానా కట్టిందాకా సాక్ష్యంగా తీసుకోరు. ఒరిజినల్ అయితే జరిమానా కట్టి లోపలికి తెచ్చుకోవచ్చు. జెరాక్స్‌కు ఆ దారి కూడా లేదు. జూపూడి కేశవరావు కేసులో 1971లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. అవతలి వకీలు చురుకైనవాడైతే 100 రూపాయల స్టాంపు చాలలేదన్న ఈ ఒక్క అభ్యంతరంతోనే కేసును నెలల తరబడి సాగదీయగలడు. అప్పుడు మనకు మిగిలేది ఫోన్‌పేలో పోయిన 25,000 మాత్రమే. దానికీ "అది చేబదులు తీసుకున్న డబ్బు, తిరిగి ఇచ్చేశా" అని ఆయన అంటే మళ్లీ మొదటికొస్తుంది. నగదుగా ఇచ్చిన 20,000కు ఆమె మాట తప్ప ఆధారం లేదు.

కాబట్టి మాకు ముందు కావాల్సింది అడ్వాన్సు 45,000 ముట్టిందని ఓనరు రాసిన కొత్త కాగితం ఏదైనా ఒకటి. నేరుగా అడిగితే ఎవరూ రాసివ్వరు. కోతల లెక్క అడిగితే మాత్రం చాలామంది రాస్తారు. ఎందుకంటే తమ వైపే న్యాయం ఉందని వాళ్లు నిజంగానే నమ్ముతారు.

మన లెక్క మనం ముందు వేసుకోవడం

నోటీసు రాయకముందే ఆమెతో ఒక లెక్క వేయించాను. ఓనరు న్యాయంగా ఏమేం పట్టుకోవచ్చు? ఈ ప్రశ్నకు బాడుగవాళ్లు సాధారణంగా "ఏమీ లేదు" అంటారు. ఈమె కాసేపు ఆలోచించి, బాత్రూం బయట వాష్ బేసిన్ మా బాబు విరగ్గొట్టాడు సార్ అని చెప్పారు. ప్లంబరును అడిగితే బేసిన్, కూలీ కలిపి 2,800 అవుతుందన్నాడు. జూన్‌లో వచ్చిన కరెంటు బిల్లులో మే 25 వరకు వాడింది ఆమెదే. మీటరు ఫొటోలోని రీడింగును బట్టి చూస్తే సుమారు 1,800 వచ్చింది. స్లాబుల వల్ల యూనిట్లను పైసా పైసా పంచడం కుదరదు, అందుకే గుండుగుత్తగా పెట్టాం.

మూడోది నోటీసు కాలం. ఖాళీ చేసేముందు ఒక నెల నోటీసు ఇవ్వాలని అగ్రిమెంటులో ఉంది. గడువు తీరినా ఓనరు బాడుగ తీసుకుంటూ పోయాడు కాబట్టి, 1882 ఆస్తి బదలాయింపు చట్టం 116వ సెక్షన్ ప్రకారం అది నెలనెలా సాగే బాడుగ. విడిగా ఒప్పందం లేకపోతే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. ఇక్కడ ఒప్పందంలో నెల అని ఉంది. ఆ షరతు గడువు తర్వాత వర్తించదని వాదించవచ్చు. వాదించలేదు. మే 3న చెప్పారు, నెల లెక్కన జూన్ 3 వరకు. బాడుగ మే 31 దాకా కట్టేశారు. ఎంత ఉదారంగా చూసినా తేడా మూడు రోజులు. రోజుకు 300 చొప్పున 900.

మొత్తం 5,500. పోగా రావాల్సింది 39,500.

ఆమె తమ్ముడికి ఇది నచ్చలేదు. మనమే ఎందుకు తగ్గించుకోవాలి, వాళ్లు అడిగినప్పుడు చూసుకుందాం అన్నాడు. నా అనుభవంలో ఇది పూర్తిగా తప్పు లెక్క. విరిగిన బేసిన్‌ను మనం దాస్తే ఓనరు మొదట పట్టుకునేది దాన్నే. ఆ ఒక్క అబద్ధంతో మన వీడియో మీద, మన నోటీసు మీద కూడా నమ్మకం పోతుంది. ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పుకుంటే మిగతా గొడవ ఎక్కడుందో తేటగా కనిపిస్తుంది. అవతలివాళ్ల చేతిలో కోపం తప్ప ఇంకేమీ మిగలదు.

చివరి రెండు మూడు నెలల బాడుగ కట్టకుండా "అడ్వాన్సులో పట్టుకోండి" అనేసి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓనరు ముందే ఒప్పుకుని మెసేజ్ పెడితే మంచి పద్ధతే. ఒప్పుకోకుండా చేస్తే మనమే బాకీదారులం అవుతాం. ఈమె ఆ పని చేయకపోవడం వల్ల కేసు చాలా శుభ్రంగా ఉంది.

నోటీసు

నోటీసును తెలుగులోనే రాశాను. చదివి అర్థం చేసుకోవాల్సింది ఓనరు, ఆయన భార్య. ఇంగ్లిష్‌లో రాస్తే దాన్ని పట్టుకుని ఇంకో వకీలు దగ్గరికి పరుగెత్తడం తప్ప వాళ్లకు దారి ఉండదు. ఎప్పుడు చేరారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడు చెప్పారు, తాళాలు ఎవరికి ఇచ్చారు అన్నది తేదీల వారీగా పెట్టాను. మేం ఒప్పుకుంటున్న 5,500 వివరంగా రాశాను. చివర రెండే కోరికలు. 15 రోజుల్లో 39,500 ఇవ్వండి. లేదా ఇంతకంటే ఎక్కువ పట్టుకోవాలంటే దేనికి ఎంత అన్నది విడివిడిగా రాసి, బిల్లులూ ఫొటోలూ జతచేసి సంతకంతో పంపండి. బెదిరింపు మాట ఒక్కటీ లేదు. స్పీడ్ పోస్టులో డెలివరీ రుజువుతో పంపి, అదే కాపీని వాట్సాప్‌లో కూడా పంపించాం.

గడువు తీరకముందే జవాబు వచ్చింది. రూళ్ల కాగితం మీద ఆయనే చేత్తో రాశాడు. "మీరు ఇచ్చిన అడ్వాన్సు 45,000లో" అని మొదలుపెట్టి కింద పట్టీ వేశాడు. పెయింటింగ్ 20,000. బాత్రూం టైల్స్ యాసిడ్ క్లీనింగు, కొత్త కొళాయిలు 6,500. నోటీసు ఇవ్వనందుకు ఒక నెల బాడుగ 9,000. కరెంటు బిల్లు 2,310. వాష్ బేసిన్ 4,500. ఇల్లు శుభ్రం చేయించిన కూలి 2,000. కిటికీలకు దోమల మెష్ 1,800. మొత్తం 46,110. అంటే ఆమే ఎదురు 1,110 రూపాయలు ఇవ్వాలట.

ఆ కాగితం చూసి ఆమె ఏడ్చేశారు. తన ఇంటిని ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో ఆమెకు తెలుసు, అందుకని ఆ కూలి 2,000 ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. నాకు మాత్రం కేసు ఆ రోజే తేలిపోయినట్టు అనిపించింది. అగ్రిమెంటు జెరాక్స్ ఇక మాకు అక్కర్లేదు. 45,000 ముట్టిందని ఓనరే రాసి సంతకం పెట్టాడు. నగదుగా ఇచ్చిన 20,000 కూడా అందులోనే ఉంది. ఒప్పుకున్న విషయాన్ని మళ్లీ రుజువు చేయనక్కర్లేదన్నది సాక్ష్య చట్టంలో పాత సూత్రం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అదే ఉంది. ఇంకో లాభం గడువు విషయంలో. ఇలాంటి డబ్బు దావాకు మూడేళ్లు గడువు. 1963 లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం గడువు లోపల బాకీని సంతకంతో రాసి ఒప్పుకుంటే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. "ఇవ్వను" అని రాసినా, "నాకు రావాల్సింది ఇందులో పట్టుకుంటా" అని రాసినా అది ఒప్పుకోలు కిందికే వస్తుందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది.

ఇక్కడి నుంచి పోరాటం అడ్వాన్సు ఇచ్చారా లేదా అన్న దాని మీద కాదు. పట్టీలోని ఏడు లైన్ల మీద. లైను లైనుకూ రుజువు చూపించాల్సిన బరువు ఆయన మీద పడింది.

కోర్టా, లోక్ అదాలతా

జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయొచ్చు. కోర్టు ఫీజు, వాయిదాలు, సాక్షులు, డిక్రీ వచ్చాక మళ్లీ దాన్ని అమలు చేయించడానికి ఈపీ అనే అమలు పిటిషన్. 39,500 కోసం ఆ దారి చివరిదిగా ఉండాలి. వినియోగదారుల కమిషన్‌కు పోదామా అని కొందరు అడుగుతారు. మామూలు ఇంటి బాడుగ విషయంలో ఓనరు మనకు సేవ అమ్మినట్టని నిలబెట్టడం కష్టం. రెండు నెలల బాడుగ కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదని చట్టం ఉందట కదా అని ఈమె కూడా యూట్యూబ్‌లో చూసి అడిగారు. అది 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లోని మాట. పేరులోనే ఉన్నట్టు అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా, దానంతట అది ఇక్కడ చట్టం కాదు. నోటీసులో అది రాస్తే అవతలివాళ్లు మొదట దాన్నే కొట్టిపారేస్తారు. మా వాదన మొత్తం అగ్రిమెంటు మాటల మీద, ఆస్తి బదలాయింపు చట్టం మీదే నిలబెట్టాం.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ కేసుగా అర్జీ పెట్టాం. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే పద్ధతి ఇది. కోర్టు ఫీజు లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, ఇంకొన్ని వర్గాలకు కూడా. ఈ సంగతి తెలియక వడ్డీకి తెచ్చి వకీలు ఫీజు కట్టేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు, లేదా నేరుగా కోర్టు ఆవరణలోని ఆఫీసుకే పోవచ్చు.

సంస్థ పంపిన మొదటి నోటీసుకు ఓనరు రాలేదు. రెండోసారి భార్యతో కలిసి వచ్చాడు. లోక్ అదాలత్‌కు బలవంతంగా తీర్పు చెప్పే అధికారం లేదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. అయినా న్యాయాధికారి ముందు కూర్చోవడం వేరు, ఇంటి గేటు దగ్గర నిలబడి మాట్లాడుకోవడం వేరు.

ఏడు లైన్లు

పెయింటింగ్‌తోనే మొదలైంది. 20,000కు బిల్లు ఉందా అని అడిగారు. లేదు. పెయింటరు పేరు, ఫోన్ నంబరు? తర్వాత ఇస్తానన్నాడు. మే 25న తాళాలు వస్తే జూన్ 5న కొత్తవాళ్లు చేరారు, మధ్యలో రెండు బెడ్‌రూముల ఇల్లు మొత్తం పెయింట్ అయిందా? సమాధానం లేదు. కొత్తగా చేరినవాళ్లను పిలిచి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం. ఆమె తమ్ముడు వాళ్లను పిలవమని నన్ను గట్టిగా పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. వాళ్ల అడ్వాన్సు కూడా అదే ఓనరు దగ్గర ఉంది. రేపు వాళ్లూ ఖాళీ చేయాల్సినవాళ్లే. మన డబ్బు కోసం ఇంకో కుటుంబాన్ని ఓనరుతో పగ పెట్టుకోమనడం న్యాయం కాదు.

అప్పుడు ఓనరు కొంచెం గొంతు పెంచి అన్నాడు: "ఏం సార్, రెండున్నరేండ్లు పిల్లాజెల్లా కాపురముంటే గోడలు అట్లే ఉంటాయా?"

బెంచి మీద ఉన్న న్యాయాధికారి నెమ్మదిగా, "ఉండవు. చట్టం చెప్పేదీ అదే" అన్నారు. ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో బాడుగదారు ఇంటిని చేరినప్పటి స్థితిలో అప్పగించాలని ఉంది. దాని పక్కనే, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మినహా అని కూడా ఉంది. కర్నూలు ఎండకు పడమటి గోడ రంగు వెలిసింది. ఫ్రిజ్ వెనక నల్ల చార పడింది. క్యాలెండరు మేకుల గుంతలు ఉన్నాయి. ఇవన్నీ కాపురం గుర్తులే గాని డ్యామేజీ కాదు. గోడ మీద క్రేయాన్లతో గీసి పాడుచేస్తే వేరే సంగతి. వీడియోలో అలాంటిది ఏదీ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల బాడుగ కోస్తామనే షరతు బెంగళూరులో మామూలు. అక్కడ పనిచేసి వచ్చినవాళ్ల వెంట అది మన ఊరి అగ్రిమెంట్లలోకీ వస్తోంది. ఆ షరతు రాసి ఉంటే ఈ వాదన చాలావరకు పోయేది. ఈమె అగ్రిమెంటులో "డ్యామేజీలు మినహాయించుకోవచ్చు" అని మాత్రమే ఉంది.

బాత్రూం సంగతి ఇంకాస్త చిక్కు. బోరు నీళ్లు ఉప్పుగా ఉండే ఇళ్లలో టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది, కొళాయిలు రెండేళ్లలో పట్టేస్తాయి. అది నీళ్ల తప్పు, మనిషిది కాదు. కానీ రోజూ తుడిస్తే ఇంత పొర కట్టదని ఓనరు భార్య అన్నారు. ఆ మాటలోనూ కొంత నిజం ఉంది. చేరినప్పుడు కొళాయిలు కొత్తవని వాళ్లు, పాతవని వీళ్లు. చేరిన రోజు ఫొటోలు ఎవరి దగ్గరా లేవు. ఖాళీ చేసిన రోజు వీడియో తీసుకున్న ఆమె చేరిన రోజు తీసుకోలేదు, ఎవరూ తీసుకోరు. చేరిన రోజు సంతోషంలో సామాను సర్దుకునే హడావుడి తప్ప గొడవ ఎవరికి గుర్తొస్తుంది? ఆ లైను చివరికి 1,500 దగ్గర ఆగింది.

నోటీసు లైను త్వరగానే పోయింది. వాయిస్ మెసేజ్ అక్కడే వినిపించాం. మే 31 వరకు బాడుగ కట్టారు, జూన్ 5న కొత్తవాళ్లు వచ్చారు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం షరతు తప్పినందుకు వచ్చేది సబబైన పరిహారమే. 9,000 కాస్తా మేం మొదట్లోనే రాసిన 900 అయింది. కరెంటు 1,800, బేసిన్ 2,800 దగ్గర ఖాయమయ్యాయి. మేం ముందే ఒప్పుకున్నవి కాబట్టి ఆయనా పెద్దగా పట్టుబట్టలేదు.

దోమల మెష్ లైను దగ్గర మా వీడియోయే మాకు అడ్డొచ్చింది. వంటింటి కిటికీ మెష్ కింది మూల చిరిగి ఉండటం అందులో స్పష్టంగా కనిపిస్తోంది. పిల్లి చించింది సార్ అన్నారామె. ఒక కిటికీకే కాబట్టి 1,000 ఒప్పుకున్నాం. శుభ్రం చేయించిన కూలి 2,000 అదే వీడియోతో పూర్తిగా కొట్టుకుపోయింది. తుడిచి, కడిగి, అలమరాల్లో పాత పేపర్లు కూడా తీసేసిన ఇల్లది. అది తేలినప్పుడు ఆమె ముఖం చూసి, డబ్బు కంటే ఆ లైను కొట్టేయించడమే ఆమెకు ముఖ్యమని నాకు అర్థమైంది.

వీడియో గురించి ఒక ముఖ్యమైన విషయం. ఒరిజినల్ ఫైలు తీసిన ఫోన్‌లోనే ఉంచుకోవాలి. వాట్సాప్‌లో పంపిన కాపీలో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలు కూడా సరిగా మిగలవు. కేసు దావా దాకా పోయి ఉంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాల్సి వచ్చేది. ఫోన్ మార్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

డబ్బు ఎక్కడుంది

లెక్క తేలింది. ఒప్పుకున్న కోతలు 8,000, ఇవ్వాల్సింది 37,000. అప్పుడు ఓనరు చాలాసేపు మౌనంగా ఉండి, ఇంత డబ్బు ఇప్పుడు లేదన్నాడు. ఆయన రిటైరైన మనిషి. ఈమె ఇచ్చిన అడ్వాన్సు ఎప్పుడో బోరు మోటారుకూ, మెట్ల రెయిలింగుకూ అయిపోయింది. కొత్తవాళ్ల అడ్వాన్సు కూతురి కాన్పుకు ఖర్చయింది. అడ్వాన్సును తమది కాని డబ్బుగా విడిగా బ్యాంకులో ఉంచే ఓనరును నేను చాలా అరుదుగా చూశాను. ఇలాంటి కేసుల్లో పెయింటింగ్, క్లీనింగు అని కనిపించే గొడవల వెనక ఎక్కువగా ఉండేది ఈ చేతిలో డబ్బు లేకపోవడమే. అది బయటికి చెప్పుకోలేక కోతలు వెతుకుతారు. వాళ్లకు గౌరవంగా బయటపడే దారి చూపిస్తే సగం కోతలు వాళ్లే వదిలేస్తారు.

అందుకే వాయిదాలకు ఒప్పుకుందామని ఆమెకు చెప్పాను. ఆమె మొదట ఒప్పుకోలేదు. నా డబ్బు నాకు కంతుల్లో ఇవ్వడమేంటి సార్ అన్నారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. దావాకు పోతే పట్టే కాలం, ఆ కాలమంతా నెలకు 800 చొప్పున పెరిగే వడ్డీ కాగితం మీద వేసి చూపించాను. ఆమే నిర్ణయించుకున్నారు. ఆ రోజే 15,000 యూపీఐలో, తర్వాతి రెండు నెలల్లో పదో తేదీ లోపల 11,000 చొప్పున. ఒక్క కంతు తప్పినా మిగిలిన మొత్తం 12 శాతం వడ్డీతో ఒకేసారి ఇవ్వాలని అవార్డులో రాయించాం. ఈ వాక్యం లేని వాయిదా రాజీకి నేను ఎప్పుడూ సంతకం పెట్టించను.

లోక్ అదాలత్ అవార్డు న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇవ్వకపోతే మళ్లీ దావా వేసే పని లేకుండా నేరుగా అమలుకు పోవచ్చు. కాలనీ పెద్దల ముందు తెల్లకాగితం మీద రాసుకునే రాజీకి ఈ బలం ఉండదు.

ఈ పద్ధతి పనిచేయని చోట

ఇదే రోజుల్లో వచ్చిన ఇంకో కేసు ఇలా తేలలేదు. నలుగురు కుర్రాళ్లు కలిసి గది తీసుకున్నారు. అడ్వాన్సు నగదుగా ఇచ్చింది ఒకడు, అదీ ఇల్లు చూపించిన బ్రోకరు చేతికి. అతను ఏడాది తర్వాత హైదరాబాద్ వెళ్లిపోతూ తన చోట వచ్చినవాడి దగ్గర తన డబ్బు వసూలు చేసుకున్నాడు. చివరికి ఖాళీ చేసినవాళ్లలో ఓనరుకు స్వయంగా డబ్బు ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. ఓనరేమో బ్రోకరు తనకు ఒక నెల బాడుగే ఇచ్చాడంటాడు. మేం కోతల లెక్క అడిగితే కోతలే లేవు, ఆ ఒక నెలదీ చివరి నెల బాడుగలో సరిపోయిందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. బ్రోకరు ఫోన్ మార్చేశాడు. గదులు పంచుకునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. డబ్బు ఓనరు ఖాతాకే పంపండి, "అడ్వాన్సు" అని నోట్‌లో రాసి పంపండి. మనిషి మారినప్పుడల్లా ఎవరి స్థానంలో ఎవరు వచ్చారో, ఎంత అడ్వాన్సు ఎవరి పేరు మీద నడుస్తోందో ఓనరుకు ఒక మెసేజ్ పెట్టి, సరే అని ఆయన చేత జవాబు ఇప్పించుకోండి.

చివరి కంతు

మొదటి 11,000 సమయానికే వచ్చింది. రెండోది పదో తేదీ దాటిపోయింది. అవార్డు కాపీలోని ఆ వడ్డీ వాక్యం కింద గీత గీసి, ఫొటో తీసి ఓనరుకు పంపించమని ఆమెతో చెప్పాను. ఇంకేమీ రాయొద్దన్నాను. "అన్నా, గుర్తు చేస్తున్నా" అని మాత్రం ఆమె జోడించారు. ఆ వారంలోనే డబ్బు పడింది. ఆలస్యానికి వడ్డీ అడుగుదామా అంటే వద్దన్నారు.

డబ్బు ముట్టినట్టు రసీదు రాసిచ్చాం. అందులో ఈ ఇంటి విషయంలో పెయింటింగ్‌తో సహా ఇరువైపులా ఇక ఏ బాకీ లేదని రాయించి, ఓనరు సంతకం కూడా తీసుకున్నాం. అగ్రిమెంటు ఒరిజినల్ మాత్రం ఆయన చివరి దాకా ఇవ్వలేదు, కనిపించలేదన్నాడు. ఆ మాట కూడా రసీదులోనే రాయించాను. ఆమె అదే నెలలో వడ్డీ అప్పు తీర్చేశారు.